ఎడమ పక్క నట్టు

కాదు నిత్యా, టైర్లు అమ్మినవాడు నిన్ను మోసం చేసి ఉండడు. కొత్త టైర్లు వేయించాక బండి నేరుగానే పోతోంది గానీ చేతిలో స్టీరింగ్ మాత్రం పక్కకి ఒరిగి కూర్చుంటోందని ఫోన్‌లో అడిగావు కదా. అది టైరు జబ్బు కాదమ్మా. వేయించిన చోటికే తీసుకెళ్ళి స్టీరింగ్ సెంటర్ చేసి ఇమ్మని అడుగు. పుణేలో ఆ మాట హిందీలో ఎలా అంటారో మీ అమ్మకి తెలుస్తుంది. అప్పటిదాకా భయపడకుండా నడుపుకో.

నువ్వు అడిగిన దగ్గర్నుంచీ నాకు మాత్రం సుగుణమ్మ కారే కళ్ళముందు తిరుగుతోంది. అవ్వ టైరు కొట్లో పని చేసిందని నువ్వూ తమ్ముడూ విన్నారు గానీ ఏం పని చేసిందో మీకెవరూ చెప్పి ఉండరు. ఈ ఒక్క బండి సంగతి చెబుతాను, తమ్ముడికి కూడా చదివి వినిపించు.

అది 2018 వేసవి. చెన్నైలో కోడంబాక్కం స్టేషన్ నుంచి ఆటోలు తిరిగే వీధిలో మీ తాతా నేనూ కొట్టు నడుపుతున్నాం. ముందు గదిలో టైర్ల వరసలు, గాలి కొట్టే కంప్రెసర్, పంచర్ చూసే నీళ్ళ తొట్టి. వెనకవైపు రేకుల కింద పిట్. పిట్ అంటే నేల తవ్వి సిమెంటు చేసిన పొడుగాటి గుంత. దాని మీదికి బండి ఎక్కిస్తే మనిషి మెట్లు దిగి కింద నిలబడి పని చేసుకోవచ్చు. టైర్లు మీ తాతవి, పిట్ నాది. చీర మీద మగవాళ్ళ కాలరు చొక్కా తొడుక్కుని, కొంగు లోపలికి దోపుకుని దిగేదాన్ని.

నా పనికి అలైన్‌మెంట్ అని పేరు. నువ్వు నిలబడ్డప్పుడు నీ పాదాలు చూసుకో. వేళ్ళు కొంచెం లోపలికో, కొంచెం బయటికో తిరిగి ఉంటాయి. బండి ముందు చక్రాలూ అంతే. లోపలికి తిరిగితే టో ఇన్, బయటికి తిరిగితే టో ఔట్. అది హద్దు దాటిందంటే రబ్బరు రోడ్డుకి ఒరుసుకుని ఒక అంచున ముందే అరిగిపోతుంది. దాన్ని సరిచేయడానికి ఒక్కో చక్రం వెనక ఒక్కో కడ్డీ ఉంటుంది, టై రాడ్ అంటారు. కడ్డీ తిప్పితే చక్రం మొహం మారుతుంది. తిప్పాక మళ్ళీ కదలకుండా ఒక నట్టు బిగిస్తాం. అది లాక్ నట్టు.

నేను దారంతో చేసేదాన్ని. బండికి రెండు పక్కలా నైలాన్ దారం లాగి కట్టి, చక్రం ముందంచు దారానికి ఎంత దూరంలో ఉందో, వెనకంచు ఎంత దూరంలో ఉందో స్కేలు పెట్టి చూసుకోవడం. అప్పటికే ఊళ్ళోకి కంప్యూటర్ మిషన్లు వచ్చి చాలాకాలమైంది. చక్రాలకి పలకలు తగిలించి, వాటిని కెమెరాలు చూస్తాయి. తెర మీద అంకెలు పచ్చగా ఉంటే సరి, ఎర్రగా ఉంటే తప్పు. అవి వచ్చాక నా పిట్‌లోకి దిగే అవసరం తగ్గిపోయింది. కొన్నాళ్ళు మెట్ల మీద బూజు కూడా పట్టింది. మీ తాత అది చూసి ఒకరోజు భోజనం దగ్గర మాట తెచ్చారు.

"పిట్ పూడ్చేద్దామే. ఆడ టూవీలర్ టైర్లు పేర్చుకోవచ్చు. నీకా, మోకాళ్ళు పట్టేస్తా ఉండాయి."

"నా మోకాళ్ళు వచ్చి మిమ్మల్ని ఏమన్నా అడిగినాయా?"

"అవి అడగలేదులే. పిట్‌ని అడిగేవాళ్ళు ఎవరుండారు చెప్పు? ఆ సుగుణమ్మ తప్ప."

ఆయన అన్నది నిజం.

సుగుణమ్మ డబ్బింగ్ ఆర్టిస్టు. వేరే భాష నటి తెర మీద పెదవులు కదిలిస్తే, ఆ పెదవులకి తెలుగు మాట ఈమె ఇస్తుంది. గుంటూరు వైపు నుంచి చిన్నప్పుడే వచ్చి మా కోడంబాక్కంలోనే స్థిరపడింది. తన చిన్న తెల్లకారు తనే నడుపుకుంటుంది. టైరైనా, అలైన్‌మెంటైనా నా దగ్గరికే. నేను పిట్‌లో ఉంటే పైన స్టీలు స్టూలు మీద కూర్చుని కబుర్లు చెప్పేది. పక్క కొట్టువాళ్ళు వస్తే నేను అడిగేదాన్ని, "ఆ ఏడ్చే పిల్ల గొంతు ఒకసారి ఇయ్యి సుగుణమ్మా" అని. ఇచ్చేది. అందరూ నోరు తెరుచుకుని చూసేవాళ్ళు. అంత మనిషి నా పిట్ గట్టున కూర్చుందని నాకు గర్వం. ఆమె ఒక్కతీ వస్తున్నంతకాలం మీ తాత ఆ గుంతలో మట్టి పోయలేరని ధైర్యం కూడా.

ఇక మల్లిక సంగతి. ఆమెది ఎన్నూరు, చెన్నైకి ఉత్తరాన సముద్రం ఒడ్డు. భర్త హార్బరులో కంటైనర్ లారీ నడిపేవాడు. ఒకసారి ఆ లారీ టైరు ఒక పక్కే అరుగుతోందని, మేం నాసి సరుకు అంటగట్టామని, భర్తని వెనక నిలబెట్టి తనే మీ తాతతో గొడవకి దిగింది. నేను పిట్‌లోంచి తల పైకెత్తి కారణం చెప్పాను. ఆమె గొడవ మధ్యలో ఆపేసి, మెట్లు దిగి, నా పక్కన వచ్చి నిలబడింది. "చూపించక్కా" అంది. అట్లా వచ్చిన మనిషి కొన్నేళ్ళు మా దగ్గరే ఉండిపోయింది. పానా పట్టుకోవడం నేనే నేర్పాను. నాకు ఏళ్ళు పట్టిన పని ఆమెకి నెలల్లో వచ్చేసింది. చెవితో విని నట్టు బిగువు చెప్పేసేది. మీ తాత అది గమనించి, "దీని చేతిలో ఏందో ఉండాదే" అన్నారు. ఆయన నా చేతి గురించి ఎప్పుడూ ఏమీ అనలేదు.

తర్వాత ఆమె పురసవాక్కంలో సొంత కొట్టు పెట్టుకుంది. బట్టల షాపులకీ నగల షాపులకీ వచ్చే ఆడవాళ్ళు బండి ఇచ్చేసి, చీరలు కొనుక్కుని తిరిగొచ్చేలోపు పని అయిపోతుంది. మంచి ఆలోచన. ప్రారంభానికి మీ తాతా నేనూ వెళ్ళాం. గాజు గది, ఏసీ, మెత్తటి సోఫా. కంప్యూటర్ మిషన్‌కి గంధం, కుంకుమ పెట్టి, చామంతి దండ వేశారు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మీ తాత ఆపకుండా మాట్లాడారు.

"కాఫీ చూసినావా? బటన్ నొక్కితే నురగతో పడతా ఉండాది."

"చూసినా."

"అది పైకొస్తాదని నేను అప్పుడే చెప్పినా."

"చెప్పినారు."

"నువ్వే కదే నేర్పించింది. సంతోషపడాల."

నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. దీనికి మీ అమ్మ వాడే ఇంగ్లీషు మాట నాకు తెలుసు. నాకు మన మాటే సరిపోతుంది. కడుపుమంట. ఆ గాజు గది మీద, ఆ మిషన్ మీద, ఆ కాఫీ నురగ మీద కూడా.

ఇది జరిగిన కొన్ని నెలలకి ఒక ఉదయం సుగుణమ్మ కారు మా వీధి మలుపు తిరిగింది. అది ఇంకా ఆగకముందే నాకు తెలిసిపోయింది. కొత్త టైరు మీద సన్నటి రబ్బరు వెంట్రుకలు ఉంటాయి నిత్యా, అచ్చులోంచి తీసినప్పుడు మిగిలిపోయేవి. కొన్నాళ్ళు తిరిగితే అరిగి రాలిపోతాయి. సుగుణమ్మ ముందు చక్రాలకి ఆ వెంట్రుకలు ఎండలో నిగనిగలాడుతున్నాయి. ఆ టైర్లు నా కొట్లోవి కావు.

పెళ్ళిలో పక్కింటామె మెడలో కొత్త హారం చూసినప్పుడు ఎలా ఉంటుందో అలా ఉంది నాకు. ఆ హారం మన అన్నయ్యే చేయించి పెట్టాడని తెలిస్తే ఎలా ఉంటుందో, అంత ఉంది.

ఆమె దిగీ దిగకుండానే చెప్పేసింది. "వదినగారూ, మీరు తిట్టకూడదు. మా తమ్ముడు ఎన్నూరులో పని చేస్తున్నాడు కదండీ, వాడు పట్టుబట్టి అక్కడే ఎవరి దగ్గరో వేయించేశాడు. వేయించిన దగ్గర్నుంచీ స్టీరింగ్ ఇదిగో, ఇలా తలవంచుకుని కూర్చుంటోంది."

"టైర్లు బాగుండాయి" అన్నాను. "మంచి రకం."

"కోపం వచ్చిందా అండీ?"

"నాకెందుకు కోపం? నీ కారు, నీ తమ్ముడు. తాళం ఇయ్యి."

వెనక నుంచి మీ తాత ఒక చూపు చూశారు. టైర్లని చూసి, నన్ను చూసి, గాలి గొట్టం చుట్టలు చుట్టే పనిలో పడ్డారు. ఆ చూపుకి అర్థం నాకు తెలుసు. సుగుణమ్మ కూడా పోతే ఇక పిట్‌తో పనేముంది అని.

ఇలాంటి కేసులో మొదటి పని బండిని నడిపి చూడటం. నేను స్టీరింగ్ దగ్గర, సుగుణమ్మ పక్కన. ఖాళీగా ఉన్న నేరు రోడ్డు చూసుకుని, చేతులు వదులుగా పెట్టి పోనిచ్చాను. బండి పక్కకి లాగలేదు. చక్కగా గీత గీసినట్టు పోయింది. కానీ స్టీరింగ్ ఎడమవైపుకి వంగి ఉంది, మనిషి భుజం మీదికి తల వాల్చినట్టు. దాన్ని నేరుగా పట్టుకుంటే బండి కుడివైపుకి పోతోంది.

బండి లాగుతూ ఉంటే టైరుని అనుమానించాలి, గాలిని అనుమానించాలి. బండి నేరుగా పోతూ స్టీరింగ్ ఒకటే వంకరగా ఉందంటే, కింద ఎవరో టై రాడ్ తిప్పారు. తిప్పారు గానీ రెండు పక్కలా తిప్పలేదు.

తిరిగి వచ్చి బండిని పిట్ మీదికి ఎక్కించాను. చొక్కా తొడుక్కుని, లైటు పట్టుకుని మెట్లు దిగాను. సుగుణమ్మ ఎప్పటిలాగే స్టూలు లాక్కుని కూర్చుంది. కబుర్లు మాత్రం లేవు.

నాకు ఒక అలవాటు ఉండేది. లాక్ నట్టు బిగించాక, నట్టు మీద నుంచి కడ్డీ మీదికి ఒక అడ్డగీత గీస్తాను, ఎర్ర గోళ్ళరంగుతో. తర్వాత ఎప్పుడైనా నట్టు వదులైతే గీత విరిగి కనిపిస్తుంది. పెయింటు కంటే గోళ్ళరంగు నూనెకీ, వాన నీళ్ళకీ బాగా ఆగుతుంది. ఊళ్ళో ఇంకెవరూ అట్లా చేయగా నేను చూడలేదు. నేర్పింది ఒక్క మనిషికే.

ఎడమ పక్క లైటు వేశాను. నా ఎర్ర గీత నేను పెట్టినట్టే ఉంది, చెక్కు చెదరలేదు. కుడి పక్కకి తిరిగాను. నా గీత విరిగి రెండు ముక్కలై ఎక్కడో ఉంది. నట్టు కొత్త చోట బిగించి ఉంది. దాని మీద ఇంకో గీత, పొందికగా, నా గీత కంటే సన్నగా. వంకాయ రంగు.

ఆ గీతని వేలితో తడిమి చూశాను. పైన రోడ్డు మీద ఆటో హారన్లు వినిపిస్తున్నాయి. నా చేతి కింద పెరిగిన మనిషి, నా అలవాటునే తీసుకుపోయి, తన రంగు పూసి, నా సుగుణమ్మ బండికి పెట్టింది. ఎర్ర రంగు వాడి ఉంటే కూడా అంత మండేది కాదేమో.

"సుగుణమ్మా" అని కిందనుంచి పిలిచాను.

"చెప్పండి."

"మీ తమ్ముడు గోళ్ళరంగు వేసుకుంటాడా?"

పైన స్టూలు కిర్రుమంది.

"వంకాయ రంగు బాగుంటాదా ఆ అబ్బాయికి?"

ఆమె స్టూలు దిగి, పిట్ అంచున మోకాళ్ళ మీద కూర్చుని కిందికి వంగింది. దొరికిపోయిన చంటిపిల్ల గొంతుతో, "ఇంకెప్పుడూ చెయ్యనండీ" అంది. తెర మీద ఆ గొంతుకి ఎవరైనా కరిగిపోతారు. నాకు నవ్వు రాలేదు. అది చూసి తన సొంత గొంతులోకి వచ్చేసింది. ఆ గొంతు బొంగురుగా, అలసిపోయినట్టు ఉంటుంది.

"మల్లికగారి కొట్టేనండీ. పురసవాక్కంలో చీరలకని వెళ్ళాను."

"చీరలు కొంటా కొంటా టైర్లు కొన్నావా?"

"అది కాదు వదినగారూ. అక్కడ సోఫాలో కూర్చుంటే నన్నెవరూ ఏమీ అడగరండీ. ఇక్కడికొస్తే నేను గొంతుని. అక్కడ కారున్న మనిషిని. స్టూడియోలో పొద్దున్నించీ ఏడ్చి ఏడ్చి వచ్చిన రోజు, కాసేపు నోరు మూసుకుని కూర్చోవాలనిపిస్తుంది."

నేను పానాని గుడ్డతో తుడుస్తూ ఉండిపోయాను. ఆమె నా గట్టున కూర్చుని గొంతులు మార్చి మాట్లాడిన రోజులన్నీ నేను చుట్టరికం అనుకున్నాను. ఆమెకి అది ఇంకో డ్యూటీ అన్నమాట. మల్లిక ఒక సోఫా వేసి ఊరుకుంది. ఆ ఊరుకోవడం నాకు చేతకాలేదు, ఆమెకి చేతనైంది. అది కూడా ఆమెకే.

"మరి ఆడికే పోకుండా ఈడికి ఎందుకు తెచ్చినావు?"

"స్టీరింగ్ వంకరైతే మీరే కదండీ."

ఈలోపు మీ తాత వచ్చి పిట్ పక్కన నిలబడ్డారు, చేతులు వెనక్కి కట్టుకుని. సుగుణమ్మ అడిగింది. "ఆ అమ్మాయి పని చెడగొట్టిందా అండీ? నిజం చెప్పండి. చెడగొట్టిందంటే ఇక ఆ గుమ్మం తొక్కను."

నిత్యా, అదీ నా ఎదురుగా ఉన్న ప్రశ్న. అవునంటే సుగుణమ్మ నాదే. పిట్ ఉంటుంది. పైన నిలబడ్డ మనిషి కూడా వింటాడు, బటన్ నొక్కితే వచ్చే నురగ వేరు, పని వేరు అని. "కొలిచి చెప్తా" అన్నాను.

దారం కట్టాను. అది కూడా ఎన్నూరులో వలలకి వాడే దారమే, మల్లిక మా దగ్గరున్నప్పుడు కట్టలు కట్టలు తెచ్చి పడేసింది. స్కేలు పెట్టి చూశాను. రెండు చక్రాలూ కలిపి చూస్తే టో ఎంత ఉండాలో అంతే ఉంది. ఎక్కడన్నా తప్పు దొరుకుతుందేమోనని దారం విప్పి మళ్ళీ కట్టి చూశాను. దొరకలేదు. వానలకి తెగిన రోడ్ల మీద తిరిగి బండి కొంచెం తప్పింది, కొత్త టైర్లు వేస్తూ మల్లిక అది పట్టుకుంది, సరిచేసింది. సరిచేసిందంతా కుడి పక్క కడ్డీ ఒక్కదాంతోనే చేసింది. ఒక పక్కే తిప్పితే చక్రాలు తమలో తాము సర్దుకుని నేరుగానే నడుస్తాయి. తేడా మొత్తం పోయి స్టీరింగ్ మీద పడుతుంది.

"చక్రాలు సరిగ్గానే పెట్టింది" అన్నాను పైకి. "టైరు అరగదు. పని సగంలో ఆగింది, అంతే. మిగతా సగం నేను చేసిస్తా."

"అంతేనా?" అన్నారు మీ తాత.

"అంతే. మీకేం కావాల ఇంకా?"

ఆయన అక్కడే నిలబడ్డారు.

స్టీరింగ్‌ని నేరుగా పెట్టి, కదలకుండా సీటుకి కట్టేయమని ఆయనకే చెప్పి, ఎడమ పక్క నట్టుకి పానా తగిలించాను. కుడి పక్క ఎంత వదులుతానో ఎడమ పక్క అంత బిగించాలి, అప్పుడు మొత్తం మారదు, స్టీరింగ్ మాత్రం నడిమికి వస్తుంది. నా ఎర్ర గీతని నా చేత్తోనే విరగ్గొట్టాలి. పానా మీద చెయ్యి ఆనించి నొక్కాను. నట్టు మాట విన్నట్టు వదిలేసింది. తుప్పు లేదు, బిర్రు లేదు. రెండు పక్కలా సర్ది, మళ్ళీ దారం చూసుకుని, నట్లు బిగించి, నా సీసా తీసి రెండింటికీ గీతలు పెట్టాను. వంకాయ రంగుని గీకి పారేద్దామనుకున్నాను. దాని పక్కనే నాది పెట్టి ఊరుకున్నాను.

చొక్కా విప్పుతూ సుగుణమ్మతో, "పద, నడిపి చూద్దాం" అన్నాను.

"ఇద్దరూ యాడికి?" అన్నారు మీ తాత.

"టెస్ట్ డ్రైవ్."

"ఏ రోడ్డు?"

"పురసవాక్కం."

"ఆడ యాడుంది నేరు రోడ్డు? అంతా జనమే కదే."

"కాఫీ తాగి వస్తాము" అన్నాను. ఆయన నవ్వు ఆపుకోవడం నాకు కనపడింది.

దారి పొడుగునా స్టీరింగ్ నిటారుగా ఉంది. సుగుణమ్మ ఒకటి రెండుసార్లు చేతులు వదిలి చూసి మురిసిపోయింది. నేను మాత్రం మల్లికని ఏమడగాలో మనసులో కూర్చుకుంటూ కూర్చున్నాను. మిషన్ మీద చేస్తే ఒక్కో చక్రం అంకె విడివిడిగా కనిపిస్తుంది. కుడి పక్క ఒక్కటే తిప్పితే తెర పచ్చగా మారదు. ఆమె ఎర్ర అంకెలు చూస్తూనే బండిని దించి ఇచ్చేసింది. నట్టు బిగువుని చెవితో వినే మనిషి అది తెలియకుండా చేస్తుందా?

మల్లిక గాజు తలుపు తీసుకుని బయటికే వచ్చింది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. అది కూడా నేను గమనించాను.

"రాక్కా, రా రా. ఏంది ఇంత ఎండలో? బావ రాలేదా?"

"కాఫీ మిషన్ ఉండాదని గుర్తు చేసుంటే ముందే వచ్చుండేవాడు."

ఆమె నవ్వింది. సుగుణమ్మ మెల్లగా పోయి సోఫాలో కూర్చుని కళ్ళు మూసుకుంది. నా స్టూలు మీద ఆమె అలా కూర్చోగా ఎప్పుడూ చూడలేదు. మల్లిక మాకు కప్పులు తెచ్చింది. గోళ్ళకి వంకాయ రంగు. పక్కనే మిషన్ తెర వెలుగుతోంది, ఎవరిదో బండి, అన్నీ పచ్చ అంకెలు.

"సుగుణమ్మ స్టీరింగ్ నేరు చేసినా" అన్నాను, గొంతు పెంచకుండా.

"మంచిదక్కా."

"కుడి పక్కే తిప్పినావు. ఎడమ పక్క ముట్టనే లేదు. నేను నీకు అట్లానా నేర్పించింది?"

ఆమె కప్పులోకి చూసింది. "ఎడమ నట్టు జామ్ అయిపోయిండెక్కా. బలంగా తిప్పితే మరలు పోతాయని భయపడి వదిలేసినా."

"జామా?"

"జామే. తుప్పు పట్టిండె."

"స్ప్రే కొట్టుండొచ్చు కదా?"

"అయిపోయిండె, సరిగ్గా ఆ రోజే."

ఆమె వెనక అరలో తుప్పు వదిలించే స్ప్రే డబ్బాలు వరసగా పేర్చి ఉన్నాయి, కొన్నిటి మీద దుమ్ము కూడా పట్టింది. నేను వాటిని చూశాను. నేను చూడటం ఆమె చూసింది. నా చేతికి అప్పటికీ ఆ నట్టు గుర్తుంది, ఎంత మెత్తగా వదిలిందో.

"మల్లికా" అన్నాను.

"కాఫీ ఆరిపోతా ఉండాదక్కా" అంది. ఇంతలో ఎవరో చీరల సంచులతో లోపలికి వచ్చారు, ఆమె లేచి వెళ్ళిపోయింది. కాఫీ బాగుంది. అది నేను మీ తాతకి చెప్పలేదు.

ఆ తర్వాత సుగుణమ్మ దాచడం మానేసింది. టైర్లు కావాలంటే ఆడ, స్టీరింగ్ చూపించాలంటే ఈడ. నేను గొంతులు అడగడం మానేశాను. ఆమె స్టూలు మీద మౌనంగా కూర్చోవడం మొదలుపెట్టింది, ఆ మౌనం నాకు అలవాటు కావడానికి కొంత కాలం పట్టింది. మీ తాత ఒకరోజు అన్నారు, "సగం కస్టమరు మిగిలింది నీకు. సగం పిట్ పూడ్చమంటావా?" అని. "మీరు దిగండి, మిగతా సగం మీ మీద పోస్తా" అన్నాను. మోకాళ్ళు నిజంగా మొరాయించేదాకా ఆ పిట్ నాకే ఉంది. ఆయన మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఈ పని గురించి తెలుసుకోవాలనుకునేవాళ్ళకి నేను చెప్పగలిగేది ఇదే. స్టీరింగ్ వంకరగా ఉందని బండి వస్తే అందరూ తిప్పిన నట్టు మీదికే పోతారు. తిప్పని నట్టు దగ్గర కూడా ఆగి చూడాలి. తిప్పిన మనిషికి ఏం వచ్చో మొదటిది చెబుతుంది. రెండోది ఏం చెబుతుందో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు.

మల్లిక నాకు పెళ్ళిళ్ళలో కనిపిస్తూనే ఉంటుంది. ఇప్పుడు ఆమెకి రెండో కొట్టు కూడా ఉంది, అది కూడా నన్ను కొంచెం మండిస్తుంది. పక్కన కూర్చుని విస్తరి ముందు మెల్లగా కదిలిస్తాను. "ఇంకా ఆ నట్టేనా అక్కా, వదిలెయ్యి" అని నా విస్తట్లో ఇంకో వడ వేయిస్తుంది. నా గీత విరగ్గొట్టడానికి ఆమెకి చెయ్యి రాలేదా? లేక ఆ బండి తిరిగి నా దగ్గరికే వస్తుందని, వస్తే వంకాయ రంగు నేను చూస్తానని తెలిసే సగంలో వదిలిందా? మొదటిదైతే నేను ఇన్నేళ్ళు ఆమె మీద కుళ్ళుకోవడానికి వీల్లేదు. రెండోదైతే కుళ్ళుకున్నది చాలదు.

చెయ్యి ఆనించగానే వదిలే నట్టు అది. దాన్ని ఎందుకు తిప్పలేదు ఆ పిల్ల?